తెల్లగుడ్డలో కట్టినవి

మా మేడం పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఫోను చేసింది ఆవిడ అన్నకొడుకు. "అత్త తెల్లవారుజామున పోయింది. మీకు చెప్పమని ముందే అనుంది" అని రెండు ముక్కల్లో చెప్పి పెట్టేశాడు. నేను మిగిలిన బట్టలు కూడా ఆరేసి, బకెట్టు బోర్లించి, లోపలికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాను. ఆ పూట అన్నం తినలేదు. మా అమ్మకి అది చాలు. సాయంత్రానికల్లా వీధి వీధంతా చెప్పేసింది. "ఆ మేడంగారు పోనారు కదా, మరింక ఆ గ్రాంటు రాదు. మా గుంటకి ఉద్యోగం పోనాదని బెంగ."

మర్నాడు తిన్నాను. అప్పుడు ఇంకో మాట వచ్చింది. "సూసినావా, రాయి! మనిసి పోయి ఒక్కరోజు కాలేదు, ఎలాగ తింటన్నాదో." తినకపోతే జీతం కోసం, తింటే గుండె లేక. ఎటు కదిలినా నా గురించి మా ఇంట్లో ముందే ఒక మాట తయారుగా ఉంటుంది. మా నాన్న దగ్గర అయితే ఒకటే ఉంది: నిలకడ లేదు. కోచింగు మానేశాను, బీఎడ్డు మధ్యలో వదిలేశాను, వైజాగులో చేరిన ఉద్యోగం నుంచి వచ్చేశాను. అందుకని ఇప్పుడు నేను ఏం చేసినా, చెయ్యకపోయినా, అది నిలకడలేనితనమే.

మా టీవీ కింద ఒక కాగితం ఉంది. మేడం బతికుండగా ఆవిడ సంతకం కోసం తయారు చేసింది. ఆవిడ పెట్టలేదు. ఆవిడ పోయాక అదే కాగితాన్ని మా కమిటీ వాళ్లు నా పేరుతో మళ్లీ టైపు చేయించి పంపారు. నేను సంతకం పెడితే ఆగిపోయిన గ్రాంటు నడుస్తుంది, నా ఉద్యోగమూ ఉంటుంది. పెట్టకపోతే రెండూ ఉండవు. మా ఇంట్లో వాళ్లకి తెలిసింది ఇంతవరకే. మిగతాది చెప్పకుండా ఆవిడ గురించి చెప్పడం నాకు చేతకాదు.

మేడం కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. వాళ్లది శ్రీకూర్మం వైపు, తరతరాలుగా గుడి సేవలో ఉన్న ఇల్లు. రిటైరయ్యాక విజయనగరంలో ఒక చిన్న కమిటీ తరఫున రెండు గదుల్లో పాత కాగితాల్ని భద్రం చేసే పని పెట్టుకున్నారు. ఎవరి ఇంట్లో అటక దులిపినా, ఏ గుడి పెట్టె తెరిచినా, కాగితాలు తగలెయ్యకముందే ఈవిడ అక్కడ ఉండేవారు. నేను పనడగడానికి వెళ్లిన రోజు నా సర్టిఫికెట్లు చూడలేదు. నా తల చూశారు.

"నూనె రాసుకొచ్చేవా?"

"రాసుకున్నానండి."

"అయితే ఇవాళ ఆ కిటికీ దగ్గర కూర్చో. కాగితం ముట్టుకోకు. రేపు తలంటుకుని రా."

సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చున్నాను. వెళ్లేటప్పుడు, ఇంతకుముందు ఏం చేశావని అడిగారు. చేసినవీ, మానేసినవీ అన్నీ చెప్పాను. మా నాన్న మాటే ఈవిడా అంటారనుకున్నాను. "మానెయ్యాల్సినవే మానేశావు" అన్నారు. అంతకుమించి ఆ విషయం ఎప్పుడూ ఎత్తలేదు. నన్ను ఇంకొకరు తిరగేసి చూసి సరిగ్గా చదవడం నాకు అదే మొదలు.

ఆవిడ సంచిలో గడ్డం గీసుకునే బ్రష్షు ఒకటి ఉండేది, కాగితం మీద దుమ్ము దులపడానికి. పాత కాగితాలకి గుచ్చిన తుప్పు గుండుసూదుల్ని మెల్లగా ఊడదీసి ఒక పాలడబ్బాలో వేసేవారు. ఆ డబ్బా ఎందుకు దాస్తున్నారంటే, "పారేస్తే ఎవరి కాలికో గుచ్చుకుంటుంది, ఉంచితే ఎవరికీ ఏమీ కాదు" అనేవారు. అన్నిటి గురించీ ఆవిడ లెక్క అదే.

ఆ లెక్క ఒప్పుకోని మనిషి ఒకాయన ఉన్నాడు. ఊళ్లో ఒక పెద్ద సర్కారు ఆఫీసులో రికార్డు గది ఆయన చేతిలో ఉండేది. సాలూరు మనిషి. నేను బాబాయి అనేదాన్ని. జమీందారీలు పోయినప్పుడు ఎస్టేటు కాగితాలన్నీ ఆ ఆఫీసుకొచ్చి పడ్డాయి. అందుకని మేడం రోజూ పొద్దున్నే రిక్షా దిగి ఆ గదికి వెళ్లేవారు. వెనకాల నేను.

భద్రం చేసేవాళ్ల పని ఉంచడం. ఆఫీసు రికార్డు చూసేవాళ్ల పనిలో సగం తీసెయ్యడం. ఏ ఫైలు ఏడాది, ఏది మూడేళ్లు, ఏది ఎప్పటికీ అన్నది ఫైలు మూసిన రోజే రాసేస్తారు. బాబాయి కట్టల్ని చూపిస్తూ మాకు మనుషుల్ని పరిచయం చేసినట్టు చెప్పాడు. "ఇది ఏడాదిది, పైయేటికి సచ్చిపోతాది. ఇది మూడేళ్లది, మొన్ననే సావాల, బతికీసినాది. ఇదుగో, ఇది సిరంజీవి."

ఉండాల్సినవి ఎర్రగుడ్డలో ఉంటాయి. గడువు తీరినవాటి ఎర్రగుడ్డ విప్పేసి కొత్త కట్టలకి వాడతారు, ఎందుకంటే గుడ్డ ఎప్పుడూ చాలదు. విప్పినవాటిని పాత పంచె ముక్కల్లో కట్టి ఓ మూల పెడతారు. లారీ వస్తే ఆ తెల్లవి పోతాయి. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. ఆ గదిలో పనిచేసినవాళ్ల నోట్లోంచి నోట్లోకి వచ్చింది. మొదటిరోజే విన్నాం, మేడమూ నేనూ.

వాళ్లిద్దరూ దెబ్బలాడుకోని రోజు నేను చూడలేదు.

"అన్నీ ఉంచీమంటారు మేడంగారు. ఎక్కడుంచీది? మీ ఇంట్లో మంచం కింద పెట్టుకుంటారేటి?"

"మీ చేతికిస్తే మీ పెళ్లి శుభలేఖ కూడా మూడేళ్లకి చించేస్తారు."

"అది మా ఆడది ఏడాదికే సించీసినాది. మీదాకా రానిస్తాదేటి?"

అని ఆయన నవ్వేవాడు. ఆవిడ నవ్వకుండా నవ్వేవారు, పెదవి ఒక పక్కకి బిగించి. తరవాత ఇద్దరూ వరండాలోకి వెళ్లి టీ తాగేవారు, ఎందుకంటే గదిలో తినడం తాగడం ఇద్దరికీ పడదు. వాళ్లు కలిసిన చోటు అదొక్కటే.

గ్రాంటు ఇచ్చే ఢిల్లీ సంస్థ వాళ్లు పెట్టిన షరతు విచిత్రమైనది. కాగితాల్ని భద్రం చేసే సంస్థ ఒక్కటే అడిగితే ఇవ్వరు. వాటిని దగ్గర పెట్టుకున్న ఆఫీసు ఒక్కటే అడిగినా ఇవ్వరు. ఇద్దరూ కలిసి అడగాలి. దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంది: మీ రెండు సంస్థల మధ్య సహకారం ఏ విధంగా ఉంటుంది? మేడం చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నారు. "రాసీండి, రోజూ దెబ్బలాట అని" అన్నాడు బాబాయి. "ప్రతిరోజూ ఉదయం విస్తృతమైన సంప్రదింపులు" అని రాశారు మేడం. గ్రాంటు వచ్చింది.

మొదటి విడతలో కట్టలు విప్పి, దులిపి, మళ్లీ కట్టడం. రెండో విడతలో గది పైకప్పు, కాగితాల్ని ఫొటో తీసే మిషను. పని మొదలుపెట్టింది అర్జీలతో. ఎస్టేటు రోజుల్లో రైతులు కాలవ నీళ్ల గురించో, శిస్తు గురించో పెట్టుకున్న అర్జీలు. చదువు రానివాళ్లు సంతకం చోట ఒక గుర్తు గీసేవారు, దాన్ని నిశానీ అంటారు. రైతయితే నాగలి, నేతగాడయితే కదురు. ఒకావిడ చేట గీసింది. పక్కన గుమస్తా ఆవిడ పేరు రాశాడు, నీళ్లు పడి అలికిపోయింది. చేట మాత్రం ఉంది, బద్దలతో సహా.

"పేరు గుమస్తా రాశాడు. చేట ఆవిడే గీసింది" అన్నారు మేడం. ఆ అర్జీని ఆవిడ ఎన్నిసార్లు తీసి చూసేవారో. బాబాయి కూడా వంగి చూసి, "మీ సేటమ్మ బాగున్నాదా?" అని అడిగేవాడు. అర్జీలకి ఆఫీసు నంబరు లేదు. నంబరు లేదు గనక గడువూ లేదు. ఉంచమనీ ఎవరూ అనలేదు, తీసెయ్యమనీ అనలేదు. అలా మిగిలిపోయిన మనుషులు వాళ్లు.

గుడ్డ దగ్గర మళ్లీ తగువొచ్చింది. ఎర్రగుడ్డ వద్దన్నారు మేడం. తుఫానుకి కప్పు కారితే రంగు దిగి కాగితమంతా ఎర్రబడుతుంది, ఆ గదిలో అలా పోయినవి ఎన్నో కళ్లారా చూశాం. రంగూ గంజీ లేని నూలుగుడ్డ కావాలన్నారు. పొందూరు వెళ్లి నేతవాళ్లతో మాట్లాడి, గంజి పెట్టకుండా నేయించి తెచ్చాం. మళ్లీ ఉతికి ఆఫీసు మేడ మీద ఆరేశాం. బాబాయి ముట్టుకుని చూసి, "పెళ్లికొడుక్కి కట్టీ గుడ్డ" అన్నాడు.

"మరి మీ లెక్కలో తెల్లవంటే పోయేవి కదండీ?" అడిగారు మేడం. అడిగారు, నాకు గుర్తుంది.

"మావి పాత పంచెలు, మీవి పట్టులాగున్నాయి. గుడ్డివాడికైనా తెలుస్తాది లెండి."

ముగ్గురం కలిసి అర్జీలన్నీ కట్టాం. బాబాయి ముడి ఒక్క లాగుతో విడిపోతుంది, కానీ దానంతటది ఊడదు. ఆ ముడి మేడం ఆయన దగ్గర నేర్చుకున్నారు. కాగితాన్ని ఎండు చేత్తో, అంచు పట్టుకోకుండా ఎత్తడం ఆయన ఆవిడ దగ్గర నేర్చుకున్నాడు. ఆ కొన్ని నెలలూ నేను ఎక్కడికీ పారిపోవాలనుకోలేదు.

తరవాత బాబాయి కంటి ఆపరేషనుకి వైజాగు వెళ్లాడు. అదే వారంలో మిగతా కట్టల కోసం గుడ్డ తేవడానికి మేడమూ నేనూ పొందూరు వెళ్లాం. ఆ రోజే గడువు తీరిన కాగితాల కోసం లారీ వచ్చింది. గదిలో ఉన్నది వేరే సెక్షను నుంచి వచ్చిన అటెండరు. అతను బుద్ధిగా బాబాయికి ఫోను చేసి, లారీ వచ్చింది, ఏ కట్టలు ఎత్తమంటారని అడిగాడు. ఒక కంటికి కట్టు కట్టించుకుని మంచం మీద పడుకున్న మనిషి, ఉద్యోగంలో చేరిననాటి నుంచి చెబుతున్న మాటే చెప్పాడు.

"ఏటుందిరా, తెల్లగుడ్డయి ఇచ్చీ."

బస్సు దిగి, గుడ్డ మూట చెరోవైపు పట్టుకుని మేం గదిలోకి వచ్చేసరికి అరల్లో ఎర్రవి మాత్రమే ఉన్నాయి. మూలనున్న పాత పంచెల కట్టలు లేవు. కిటికీ పక్క అరలో మేం కట్టినవి లేవు. అటెండరు గర్వంగా చెప్పాడు: "మొత్తం ఖాళీ సేయించీసినాను మేడంగారు. ఒక్క తెల్లది కూడా వదల్లేదు."

మేడం ఆ కొత్త గుడ్డ మూట మీదే కూర్చుండిపోయారు. నేను ఫోన్లు చేశాను. లారీ సాలూరుది. ఘాటెక్కి ఒడిశా వైపు వెళ్లిపోయింది. డ్రైవరు దొరికేసరికి సరుకు కాగితం మిల్లులో దిగిపోయింది. మిల్లువాళ్లు ఫోనులో నవ్వారు. పాత కాగితం కావాలంటే నీళ్లతొట్టిలో వెతుక్కోమన్నారు.

సాయంత్రం బాబాయే ఫోను చేశాడు. స్పీకరులో పెట్టాను. "లారీ ఎల్లిపోనాదా మేడంగారు? గది కాస్త ఊపిరి పీల్చుకుంటాది."

మేడం నా వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టారు. "వెళ్లిపోయింది. కన్ను ఎలా ఉంది?" అన్నారు.

ఫోను పెట్టాక నాతో, అటెండరుతో ఒకటే చెప్పారు: కట్టు విప్పేదాకా ఆయనకి ఎవరూ చెప్పొద్దు, ఆ కన్ను తడవకూడదు.

కట్టు విప్పాక ఆవిడే వైజాగు వెళ్లి చెప్పారు. నేను గుమ్మం బయట ఉన్నాను. లోపలి నుంచి బాబాయి గొంతు వచ్చింది. "సేటమ్మ కూడానా?"

ఢిల్లీ సంస్థ సంజాయిషీ అడిగింది. తప్పు ఒక పక్షానిదే అయితే, రెండో పక్షం ఇంకో ఆఫీసుతో కలిసి గ్రాంటు కొనసాగించుకోవచ్చునంది. అప్పటిదాకా మా గదుల గుమ్మం తొక్కని కమిటీ కార్యదర్శి పరుగున వచ్చాడు. కాగితం టైపు చేయించి తెచ్చాడు. తెల్లగుడ్డ కట్టలు ముట్టుకోవద్దని మేము రికార్డు ఆఫీసుకి ముందే రాతపూర్వకంగా తెలియజేశాము, వారు నిర్లక్ష్యం చేశారు అని అందులో ఉంది. అలాంటి ఉత్తరం మేం ఎప్పుడూ రాయలేదు. పక్క బల్ల మీద కూర్చున్న మనిషికి ఉత్తరం ఎవరు రాస్తారు?

"వెనకటి తేదీతో ఒకటి పెట్టేద్దాం మేడం. ఎవరు చూస్తారు?"

"నా బతుకంతా కాగితం మీది తేదీని నమ్మాను. ఇప్పుడు నన్ను దొంగతేదీ వెయ్యమంటావా?"

"మీరు పెట్టకపోతే మిగిలినవి కూడా పోతాయి."

"పోతాయి" అన్నారు మేడం. అంతే. కార్యదర్శి మాట నిజమని ఆవిడకి తెలుసు.

అటు ఆ ఆఫీసులో బాబాయిని కూర్చోబెట్టి, తప్పు మేడందని రాయమన్నారు. ఆయనా రాయలేదు. ఇద్దరిలో ఎవరూ రాయలేదు గనక గ్రాంటు ఆగిపోయింది. బాబాయి మీద ఎంక్వైరీ మొదలైంది. అది నడుస్తుండగానే రిటైరయ్యాడు. మేడంకి దగ్గు పట్టుకుంది. ఆస్పత్రికి రమ్మంటే, "పాత దుమ్మే కదే, నాకు అలవాటు" అనేవారు. చివరి నెలల్లో రిక్షా ఎక్కి ఆ ఆఫీసు దాకా వెళ్లి, వరండాలో టీ తాగి, గదిలోకి వెళ్లకుండా తిరిగి వచ్చేసేవారు.

కబురు విన్న రోజే మధ్యాహ్నం బస్సెక్కి విజయనగరం వెళ్లాను. తెల్లగుడ్డ కప్పి వరండాలో పడుకోబెట్టారు. బాబాయి నల్లకళ్లజోడుతో వచ్చి, చాలాసేపు ఆ గుడ్డ వంక చూశాడు. తరవాత సంచిలోంచి మడతపెట్టిన పాత ఎర్రగుడ్డ ఒకటి తీశాడు. రికార్డు గదిది. అంచులు చీకిపోయాయి, మధ్యలో ముడి నలిగిన గుర్తు ఇంకా ఉంది. దాన్ని విప్పి ఆవిడ కాళ్ల నుంచి గుండె దాకా కప్పాడు.

"ఇదేటి, బస్తా గుడ్డలాగ!" అంది ఎవరో ఆడమనిషి.

"ఉండనీండి" అన్నాడు బాబాయి. "తెల్లది వద్దు ఆవిడికి."

ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైనదాన్ని నేనొక్కదాన్నే. చెప్పే పని కాదు అది. ఎత్తేముందు అన్నకొడుకు ఆ ఎర్రగుడ్డ తీసి గోడ మీద పడేశాడు. అందరూ వెళ్లాక నేను తెచ్చుకున్నాను.

వారం తిరక్కుండా బాబాయి మా ఊరు వచ్చాడు. మా అమ్మ టీ ఇచ్చింది. ఆయన టీవీ కింద ఉన్న కాగితం వైపు చేత్తో చూపించాడు.

"పెట్టీయమ్మా సంతకం. నామీదే కదా, రాసీ. నాను రిటైరైపోన్ను, నన్నేటి సేస్తారు? కప్పు కారతన్నాది. ఈ వానకి ఎర్రయి కూడా మిగలవు."

"సూడవే!" అంది అమ్మ. "ఆయనే ఒప్పుకుంటన్నారు. ఇంకేటి నీ మొండితనం?"

"మీకు ఆ ఉత్తరం వచ్చిందా బాబాయ్?" అడిగాను.

"రాలేదు."

"మరి వచ్చిందని ఎలాగ రాసీది?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అచ్చం ఆవిడలాగే దెబ్బలాడతన్నావు" అన్నాడు. టీ సగంలోనే పెట్టి లేచాడు. బస్సు దాకా వెనకాలే నడిచాను. మబ్బు పట్టి ఉంది. ఇద్దరం పైకి చూశాం. ఇద్దరికీ ఆ గది కప్పే గుర్తొచ్చి ఉంటుంది.

ఇంటికొచ్చి ఆ ఎర్రగుడ్డ ఉతికాను. బకెట్టు నీళ్లు ఎర్రబడ్డాయి. మళ్లీ ఉతికాను. మళ్లీ ఎర్రబడ్డాయి. ఆరేస్తే పక్కనున్న నా తెల్ల చున్నీకి అంటుకుని, అది ఒక చివర గులాబీరంగు తిరిగింది. మేడం చెప్పింది నిజమే. ఆ గుడ్డ ఇంకా తీగ మీదే ఉంది. దాని కింద నేల మీద చుక్కచుక్కగా ఎర్ర మరక పడుతోంది. లోపల అమ్మ, కమిటీ వాళ్లు మళ్లీ ఫోను చేశారని అరుస్తోంది.

ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను.